రాడార్ లెవెల్ ట్రాన్స్‌మిటర్: ట్యాంకులో ఉన్నదే ప్యానెల్‌లో కనపడాలంటే

ట్యాంకులో సరుకు ఎత్తు కొలిచే రాడార్ ట్రాన్స్‌మిటర్ బిగించి కరెంటు ఇచ్చిన కాసేపటికే డిస్‌ప్లే మీద ఒక అంకె వచ్చేస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఆ అంకె ట్యాంకులో సరుకుదే కావచ్చు. నాజిల్ (ట్యాంకు మీద మీటరు బిగించే పొట్టి పైపు) లోపలి వెల్డు గడ్డదో, ఎజిటేటర్ (సరుకుని కలియబెట్టే యంత్రం) రెక్కదో, హీటింగ్ కాయిల్‌దో కూడా కావచ్చు. ఏది ఏదో మీటరుకు తనంతట తానుగా తెలియదు. మనం చెప్పాలి.

విశాఖపట్నంలో మల్కాపురం ట్యాంక్ ఫార్ముల్లో, పోర్టు దగ్గర వంటనూనెల టెర్మినళ్లలో, పరవాడ ఫార్మా సిటీ సాల్వెంట్ యార్డుల్లో ఇన్‌స్ట్రుమెంటేషన్ పని చేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. కంపెనీని బట్టి మెనూ పేర్లు మారతాయి. ఒకరు ఎంప్టీ డిస్టెన్స్ అంటే ఇంకొకరు రిఫరెన్స్ హైట్ అంటారు. లోపల జరిగే పని మాత్రం ఒకటే కాబట్టి ఇక్కడ చెప్పేది ఏ మోడల్‌కైనా పనికొస్తుంది. మీ మోడల్ మాన్యువల్ మాత్రం పక్కనే పెట్టుకోండి.

దీన్ని ఎంత పట్టించుకోవాలో ఒక ఉదాహరణ చెబుతాను. 2005 డిసెంబర్ 11న ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ డిపోలో పెట్రోలు నింపుతుండగా ట్యాంకు లెవెల్ గేజి ఒక అంకె దగ్గర ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో లెవెల్ కదలడం లేదు, సరుకు మాత్రం ఎక్కుతూనే ఉంది. విడిగా పెట్టిన హై లెవెల్ స్విచ్ కూడా పనిచేయలేదు. ట్యాంకు పొర్లి, ఆవిరి చుట్టుపక్కలంతా పరుచుకుని పేలిపోయింది. నలభై మందికి పైగా గాయపడ్డారు. అక్కడున్నది సర్వో గేజి (తీగకి వేలాడే బరువుతో లెవెల్ కొలిచేది), రాడార్ కాదు. అయినా రాడార్‌లో కూడా అంకె ఇరుక్కుపోయే దారులు చాలానే ఉన్నాయి. కాన్ఫిగరేషన్ అంటే ఆ దారులు ఒక్కొక్కటిగా మూసుకుంటూ రావడమే.

1. ముందు సరుకు గురించి తెలుసుకోండి

రాడార్ పైనుంచి మైక్రోవేవ్ తరంగం పంపుతుంది. అది సరుకు ఉపరితలానికి తగిలి వెనక్కొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. వెళ్లి రావడానికి పట్టే ఒక్కో నానోసెకనుకి దూరం 15 సెంటీమీటర్లు. ఎంత బలంగా వెనక్కొస్తుందన్నది సరుకు డైఎలక్ట్రిక్ (విద్యుత్ క్షేత్రానికి సరుకు ఎంత స్పందిస్తుందో చెప్పే అంకె) మీద ఆధారపడి ఉంటుంది. నీళ్లు, యాసిడ్లు, మెథనాల్ లాంటివి బలంగా వెనక్కి కొడతాయి. పెట్రోలు, డీజిల్‌కి డైఎలక్ట్రిక్ సుమారు 2. పంపిన శక్తిలో 3 శాతమే ఉపరితలం నుంచి తిరిగొస్తుంది. టోలీన్, స్టైరీన్ సుమారు 2.4. ఎల్పీజీ ఇంకా తక్కువ, 1.6 నుంచి 1.7 దాకా.

మిగతా శక్తి సరుకు లోపలికి దిగి, ట్యాంకు అడుగుకి తగిలి తిరిగొస్తుంది. అందుకే తేలిక హైడ్రోకార్బన్లలో లెవెల్ తగ్గినప్పుడు అడుగు ఎకో (అడుగు నుంచి తిరిగొచ్చిన తరంగం), సరుకు ఎకో కంటే పెద్దదిగా కనపడి మీటరుని తప్పుదారి పట్టిస్తుంది. పైగా సరుకులో తరంగం నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి అడుగు ఉన్నచోట కాక ఇంకా కిందకి కనపడుతుంది. డైఎలక్ట్రిక్ 2 ఉన్న సరుకు 1 మీటరు ఉంటే, అడుగు ఎకో నిజమైన అడుగు కంటే సుమారు 41 సెంటీమీటర్లు కింద పడుతుంది. సరుకు తగ్గేకొద్దీ అది పైకి జరుగుతుంది. ఎకో కర్వ్‌లో (ఏ దూరంలో ఎకో ఎంత బలంగా ఉందో చూపే గీతలో) రెండు శిఖరాలు ఎదురెదురుగా కదులుతూ కనపడితే కంగారు పడకండి. పైనున్నది సరుకు, కిందున్నది అడుగు.

తరువాత ఫ్రీక్వెన్సీ. పాత ప్లాంట్లలో 6, 26 గిగాహెర్ట్జ్ మీటర్లు ఇంకా నడుస్తున్నాయి. కొత్తగా కొనేవి ఎక్కువగా 80 గిగాహెర్ట్జ్. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ బీమ్ సన్నబడుతుంది. టార్చి లైటు ఫోకస్ తిప్పినట్టే. 80 మిల్లీమీటర్ల యాంటెన్నాతో 26 గిగాహెర్ట్జ్ బీమ్ సుమారు 10 డిగ్రీలుంటుంది. 10 మీటర్ల కిందకి వెళ్లేసరికి అది 1.75 మీటర్ల వెడల్పు వలయం. అంతే యాంటెన్నాతో 80 గిగాహెర్ట్జ్ అయితే సుమారు 3 డిగ్రీలు, కిందికి వెళ్లేసరికి అర మీటరు పైచిలుకు. నిచ్చెనలు, కాయిళ్లు, పైపులు ఉన్న ట్యాంకులో ఈ తేడాతో సగం తలనొప్పి పోతుంది.

అలాగని అన్నిటికీ 80 సరైనదని కాదు. దట్టమైన నురగ ఉంటే తక్కువ ఫ్రీక్వెన్సీయే మెరుగు. కొన్నిచోట్ల గైడెడ్ వేవ్ ప్రోబ్ (తరంగాన్ని సరుకులోకి దించిన కడ్డీ వెంబడి పంపేది) పెట్టుకోవడమే మంచిది. మన ఎరువుల కర్మాగారాల వైపు పనిచేసేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. అమ్మోనియా ఆవిరి 24 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల మైక్రోవేవ్‌ని పీల్చేసుకుంటుంది. ప్రెషర్ కింద ఉన్న అమ్మోనియా వెసెల్ మీద 26 గిగాహెర్ట్జ్ మీటరు పెడితే, ఎంత సెట్టింగు చేసినా సిగ్నల్ బలహీనంగానే ఉంటుంది. అది సెట్టింగులతో సరిచేసే లోపం కాదు, మీటరు ఎంపికలోనే జరిగిన తప్పు.

2. బిగించే చోటు

కొనేవాళ్లు ఏది కొన్నా, బిగించే చోటు తప్పైతే కాన్ఫిగరేషన్ ఏదీ కాపాడదు.

ట్యాంకు గోడకి మరీ దగ్గరగా వద్దు. వ్యాసంలో ఆరో వంతు దూరం ఉంటే మంచిది. గుండ్రటి డోమ్ ఉన్న వెసెల్‌కి నట్టనడిమి నాజిల్ కూడా వద్దు. డోమ్ ఎకోలను మధ్యకి పోగుచేస్తుంది, అవి మళ్లీ మళ్లీ కొట్టుకుని దొంగ ఎకోలవుతాయి. ఫిల్లింగ్ లైను నుంచి సరుకు పడే చోట అసలే వద్దు.

నాజిల్ ఎంత పొట్టిగా, ఎంత వెడల్పుగా ఉంటే అంత మంచిది. హార్న్ యాంటెన్నా అయితే కొస నాజిల్ దాటి ట్యాంకులోకి రావాలి. 80 గిగాహెర్ట్జ్ లెన్సు రకం నాజిల్ లోపలే ఉన్నా నడుస్తుంది, కానీ నాజిల్ లోపలి గోడ నునుపుగా ఉండాలి. పర్మిట్ ఉండి, ట్యాంకు ఖాళీ చేసి గ్యాస్ ఫ్రీ అయ్యాక, బ్లైండ్ ఫ్లాంజ్ తీసినప్పుడు నాజిల్ లోపల గ్లౌజు వేసుకున్న వేలితో చుట్టూ తడిమి చూడండి. రూఫ్ ప్లేటుకి నాజిల్ అతికే చోట వెల్డు గడ్డలు, కోసి వదిలేసిన పదునైన అంచులు తగులుతాయి. అవన్నీ గ్రైండ్ చేయించండి. ఈ అరగంట పనిని ఫాబ్రికేషన్ వాళ్ల చేత ట్యాంకు సర్వీసులోకి వెళ్లకముందే చేయించుకోవాలి. తరువాత ఎవరూ ట్యాంకు ఆపరు.

కోన్ రూఫ్ ట్యాంకుల్లో ఇంకో తంటా ఉంది. నాజిల్‌ని నిటారుగా కాకుండా రూఫ్ వాలుకి లంబంగా వెల్డ్ చేసేసిన ట్యాంకులు నేను చాలానే చూశాను. బీమ్ సన్నగా ఉన్నప్పుడు 2 డిగ్రీల వంపు కూడా ఎక్కువే. 10 మీటర్ల కింద బీమ్ 35 సెంటీమీటర్లు పక్కకి పడుతుంది. ద్రవం ఉపరితలం అద్దంలా చదునుగా ఉంటుంది కాబట్టి ఎకో కూడా పక్కకే పోతుంది. బోల్టులు బిగించే ముందు ఫ్లాంజ్ మీద స్పిరిట్ లెవెల్ రెండు దిక్కులా పెట్టి చూడండి. తేడా ఉంటే తిప్పుకునే వీలున్న ఫ్లాంజ్ లేదా వాలు స్పేసర్ పెట్టించండి. మీటరు మీద పోలరైజేషన్ గుర్తు ఉంటే దాన్ని ఎటు పెట్టాలో మాన్యువల్‌లో చూసి అటే పెట్టండి.

3. వైరింగ్, వోల్టేజి, ఉప్పుగాలి

రెండు వైర్ల మీటరుకి లూప్ నుంచే, అంటే లెవెల్‌ని 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్లుగా ప్యానెల్‌కి పంపే వైర్ల నుంచే, కరెంటు వస్తుంది. ఒక లెక్క వేసి చూడండి. సప్లై 24 వోల్టులు. హార్ట్ (అవే వైర్ల మీద మీటరుతో మాట్లాడే డిజిటల్ పద్ధతి) కోసం పెట్టిన 250 ఓమ్స్ రెసిస్టర్ మీద 22 మిల్లీ ఆంపియర్ల దగ్గర 5.5 వోల్టులు పోతాయి. 300 ఓమ్స్ జీనర్ బారియర్ (పేలుడు ప్రమాదం ఉన్న చోటికి వెళ్లే విద్యుత్‌ని పరిమితం చేసేది) ఉంటే ఇంకో 6.6 పోతాయి. మీటరు దగ్గర మిగిలేది 11.9. మీటరుకి కనీసం 12 కావాలంటే సరిపోదు. కేబుల్ రెసిస్టెన్సు ఇంకా కలపనే లేదు.

ఈ లోపం కమిషనింగ్ రోజున కనపడదు. ట్యాంకు ఖాళీగా ఉంటే కరెంటు 4 మిల్లీ ఆంపియర్లే, వోల్టేజి ధారాళంగా ఉంటుంది. ట్యాంకు నిండేకొద్దీ కరెంటు పెరిగి, మీటరు దగ్గర వోల్టేజి తగ్గి, చివరికి మీటరు రీసెట్ అవుతూ కూర్చుంటుంది. అంటే లెవెల్ మనకి ఎక్కువ అవసరమైన సమయంలోనే చేతులెత్తేస్తుంది. అందుకే కాన్ఫిగరేషన్ మొదలుపెట్టే ముందే 22 మిల్లీ ఆంపియర్లు సిమ్యులేట్ చేసి, మీటరు టెర్మినళ్ల మధ్య వోల్టేజి కొలవండి. హజార్డస్ ఏరియా (మండే ఆవిరి ఉండే చోటు) అయితే ఆ కొలత పర్మిట్‌తోనే, ఆ ఏరియాకి సర్టిఫై అయిన మల్టీమీటరు, కమ్యూనికేటర్‌తోనే. ఎక్స్‌డీ (లోపలి నిప్పు బయటికి రానివ్వని) మీటరు మూతని కరెంటు ఉండగా తెరవద్దు.

మన ఊళ్లో ఉప్పుగాలి గురించి వేరే చెప్పక్కర్లేదు. కేబుల్ గ్లాండుకి ముందు కేబుల్‌ని కిందకి ఒక వంపు తిప్పి తేవాలి, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. వాడని కేబుల్ ఎంట్రీలో మీటరుతో వచ్చిన ప్లాస్టిక్ మూత వదిలేయకుండా సరైన బ్లైండ్ ప్లగ్ వేయండి. ఆ ప్లాస్టిక్ మూత రవాణాలో దుమ్ము పోకుండా ఉండటానికే. 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్ లాంటి గాలివాన ఒక్కటి తగిలితే చాలు, గ్లాండు సరిగ్గా లేని ప్రతి మీటరూ లోపల తడిసిపోతుంది.

4. టేపుతో కొలవాల్సిన ఆ ఒక్క దూరం

కాన్ఫిగరేషన్ మొత్తంలో అన్నిటికన్నా విలువైన అంకె ఇది. మీటరు రిఫరెన్స్ పాయింట్ నుంచి సున్నా లెవెల్ దాకా దూరం. ఎక్కువ మీటర్లలో రిఫరెన్స్ పాయింట్ అంటే ఫ్లాంజ్ కింది ముఖం. థ్రెడ్ రకంలో థ్రెడ్ సీలింగ్ ముఖం. సున్నా అంటే ట్యాంకు అడుగు కాదు, డిప్ కొట్టేటప్పుడు, అంటే టేపు దించి లెవెల్ కొలిచేటప్పుడు, టేపు చివరి బరువు (బాబ్) తగిలే డేటమ్ ప్లేటు. క్యాలిబ్రేషన్ చార్టు డేటమ్ ప్లేటు నుంచే తయారవుతుంది కాబట్టి మన సున్నా కూడా అదే కావాలి.

డ్రాయింగ్ చూసి ఈ అంకె వేయకండి. డ్రాయింగ్‌లో ఉన్న నాజిల్ ఎత్తుకి, సైటులో వెల్డ్ చేసినదానికి 20, 30 మిల్లీమీటర్ల తేడా రావడం చాలా మామూలు. గ్యాస్కెట్ మందం కూడా కలుస్తుంది. ట్యాంకు ఖాళీగా ఉంటే నాజిల్ గుండానే టేపు దించి కొలవండి. డేటమ్ ప్లేటు డిప్ హ్యాచ్ కింద ఉంటుంది, రాడార్ నాజిల్ ఇంకోచోట ఉంటుంది. అడుగు వాలుగా ఉంటే రెండు చోట్లా ఎత్తు ఒకటి కాదు. ఆ తేడాని లెవెల్ ఇన్‌స్ట్రుమెంట్‌తోనో, నీళ్ల ట్యూబుతోనో చూసుకుని కలపండి.

ట్యాంకు సర్వీసులో ఉంటే నాజిల్ తెరవడం కుదరదు. అప్పుడు వేరే దారి ఉంది. సరుకు కదలకుండా నిలబడ్డాక డిప్ కొట్టించండి. అదే నిమిషంలో రాడార్ చూపించే డిస్టెన్స్ రాసుకోండి, లెవెల్ కాదు. డిప్ 6.250 మీటర్లు, రాడార్ దూరం 4.600 మీటర్లు అయితే, రిఫరెన్స్ దూరం 10.850 మీటర్లు. ఇంకో లెవెల్ దగ్గర కూడా ఇలాగే చేసి, రెండు జవాబులూ కలుస్తున్నాయో లేదో చూడండి. కలవకపోతే ముందుకెళ్లకండి, కారణం వెతకండి.

డిప్ గురించి ఒక జాగ్రత్త. పెట్రోలు, టోలీన్ లాంటి సరుకుల్లో స్టాటిక్ కరెంటు పోగవుతుంది. పెద్ద ట్యాంకుల్లో నింపడం ఆపాక కనీసం 30 నిమిషాలు ఆగి గానీ డిప్ టేపు దించకూడదు. హ్యాచ్ తెరిచేటప్పుడు గాలికి ఎదురుగా కాకుండా, గాలి వీపుకి తగిలేలా నిలబడాలి. ఎంత తొందర ఉన్నా ఈ రెండూ వదలకండి.

5. మొదటి సెట్టింగులు ఒక ట్యాంకు మీద

12 మీటర్ల వ్యాసం ఉన్న కోన్ రూఫ్ ట్యాంకు అనుకుందాం. రిఫరెన్స్ దూరం పైన కొలిచిన 10.850 మీటర్లే. సరుకు ఎట్టి పరిస్థితుల్లోనూ దాటకూడని ఎత్తు 9.600 మీటర్లు.

ట్యాంకు రకం: నిలువు ట్యాంకు, చదును అడుగు. సరుకు డైఎలక్ట్రిక్ పరిధి: మీ సరుకుని బట్టి. ఈ రెండూ ఇస్తే మీటరు లోపల చాలా సెట్టింగులు దానంతట అవే మారతాయి, కాబట్టి వీటినే ముందు ఇవ్వండి. చివర్లో మారిస్తే మీరు కష్టపడి పెట్టుకున్నవి తుడిచిపెట్టుకుపోవచ్చు.

4 మిల్లీ ఆంపియర్లు సున్నా మీటర్లకి, 20 మిల్లీ ఆంపియర్లు 10.000 మీటర్లకి పెట్టండి. కొంతమంది 20ని సేఫ్ ఫిల్లింగ్ ఎత్తు దగ్గరే ఆపేస్తారు. నేను ఒప్పుకోను. సరుకు దాటకూడని ఎత్తుని దాటినా కూడా ఎంత దాటిందో ప్యానెల్‌లో కనపడాలి.

బ్లాకింగ్ డిస్టెన్స్ అంటే మీటరు ముందున్న ఇంత దూరంలో వచ్చే ఎకోలని పట్టించుకోవద్దని చెప్పడం. నాజిల్ రొదని దాచడానికి పనికొస్తుంది. మన ట్యాంకులో నాజిల్ 300 మిల్లీమీటర్లనుకుంటే 0.500 మీటర్లు చాలు. నాజిల్ దగ్గర ఎకో గొడవ చేస్తోందని దీన్ని 1.5 మీటర్లకి పెంచేస్తే ఏమవుతుంది? 10.850లోంచి 1.5 తీసేస్తే 9.350. దానిపైన సరుకు వస్తే మీటరుకి కనపడదు. ట్యాంకు పొర్లే చోటుకి కళ్లు మూసేసినట్టే. నాజిల్ ఎకోని మ్యాపింగ్‌తో (కింద ఆరో భాగం చూడండి) సరిచేయాలి, బ్లాకింగ్ పెంచి కాదు.

6. ఎకో కర్వ్, మ్యాపింగ్

ఇక్కడ తొందరపడకండి. లాప్‌టాప్‌లోనో, కంపెనీ ఇచ్చే బ్లూటూత్ యాప్‌లోనో ఎకో కర్వ్ తెరవండి. అడ్డంగా దూరం, నిలువుగా ఎకో బలం. ప్రతి శిఖరానికీ ఒక కారణం ఉండాలి. ఇది నాజిల్, ఇది నిచ్చెన మెట్టు, ఇది కాయిల్ సపోర్టు, ఇది సరుకు, ఇది అడుగు. ట్యాంకు ఇంటర్నల్ డ్రాయింగ్ పక్కన పెట్టుకుని దూరాలు సరిపోల్చండి. ఒక్క శిఖరం ఏంటో తేలకపోయినా దాన్ని రాసిపెట్టుకుని, లెవెల్ మారాక మళ్లీ చూడండి. లెవెల్‌తో పాటు కదిలేది సరుకు. కదలనిది ట్యాంకు సామాను. రెట్టింపు దూరంలో, రెట్టింపు వేగంతో కదిలేదైతే సరుకుకీ రూఫుకీ మధ్య రెండుసార్లు తిరిగొచ్చిన ఎకో.

ఈ రెండుసార్లు తిరిగిన ఎకో ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ప్రమాదం. సరుకు 2 మీటర్ల దూరంలో ఉంటే రెండో ఎకో 4 మీటర్ల దగ్గర పడుతుంది. మీటరు పొరపాటున దాన్ని పట్టుకుంటే ట్యాంకు నిజానికి ఉన్నదానికంటే 2 మీటర్లు ఖాళీగా ఉన్నట్టు చూపిస్తుంది. ఎంపిక మెనూలో పెద్ద ఎకో, మొదటి ఎకో అనే రెండు పద్ధతులుంటే, ఇలాంటి ట్యాంకులో మొదటి ఎకో పద్ధతే సురక్షితం. తేలిక సరుకుల్లో అడుగు ఎకో నుంచి తప్పించుకోవడానికీ అదే మంచిది.

మ్యాపింగ్ అంటే కదలని ఎకోల జాబితాని మీటరుకి నేర్పించి, వాటిమీద ఒక థ్రెషోల్డ్ గీత గీయించడం. ఆ గీత కింద ఉన్నది మీటరు చూడదు. ఖాళీ ట్యాంకులో చేస్తే అన్నిటికన్నా మంచిది. సరుకు ఉంటే, ఉపరితలానికి ఎగువన కనీసం అర మీటరు వదిలి అక్కడిదాకానే మ్యాప్ చేయాలి. మన ట్యాంకులో లెవెల్ 2.000 మీటర్లుంటే సరుకు 8.850 దూరంలో ఉంది. మ్యాప్‌ని 8.000 దగ్గర ఆపేయండి.

ఆ హద్దు దాటితే ఏమవుతుందో పరవాడ వైపు ఒక సాల్వెంట్ యార్డులో చూశాను. ట్యాంకు నింపుతుంటే లెవెల్ చక్కగా 3.8 మీటర్లదాకా వచ్చేది. అక్కడ ఆగిపోయేది. పంపు నడుస్తూనే ఉంటుంది, అంకె కదలదు. చాలాసేపటికి ఒక్కసారిగా 4.2కి ఎగిరి అక్కణ్నుంచి మామూలుగా ఎక్కేది. ఆపరేటర్లు మీటరు కొంచెం స్లో అని సర్దుకుపోయారు. కర్వ్ తెరిస్తే సరిగ్గా ఆ ఎత్తులో థ్రెషోల్డ్ గీత గూనిలా లేచి ఉంది. సరుకు అక్కడ ఉన్నప్పుడు ఎవరో మ్యాపింగ్ మొత్తం దూరానికి కొట్టేశారు. సరుకు ఎకోనే దొంగ ఎకోగా నేర్పించేశారు. పైగా ఎకో పోతే పాత విలువే పట్టుకుని ఉండమని హోల్డ్ సెట్టింగు. ఒకటి సరుకుని దాచేసింది, రెండోది దాచేసిన సంగతిని దాచేసింది. పాత మ్యాప్ తుడిచి, ట్యాంకు ఖాళీ అయ్యాక మళ్లీ చేస్తే సమస్య పోయింది.

ఎజిటేటర్ ఉన్న వెసెల్‌లో రెక్క ఒక భంగిమలో బీమ్‌లో ఉంటుంది, ఇంకో భంగిమలో ఉండదు. ఒకే భంగిమలో మ్యాప్ చేస్తే సగమే నేర్చుకుంటుంది. ఎజిటేటర్ నడుస్తుండగా మ్యాప్ చేయడం మేలు. అయితే ఖాళీ వెసెల్‌లో దాన్ని నడపొచ్చో లేదో ప్రొడక్షన్ వాళ్లని అడగకుండా స్టార్ట్ బటన్ ముట్టుకోకండి. కొన్నిటి కింద ఉండే బేరింగు సరుకు లేకుండా నడిస్తే పోతుంది.

మ్యాప్ చేసిన తరువాత ట్యాంకు లోపల ఏది మారినా, అంటే కొత్త పైపు వేసినా, మీటరుని తిప్పి బిగించినా, గ్యాస్కెట్ మార్చినా, ఆ మ్యాప్ పనికిరాదు. మళ్లీ చేయాలి.

7. డ్యాంపింగ్, ఎకో పోయినప్పుడు

స్టోరేజి ట్యాంకులో 10 నుంచి 20 సెకన్ల డ్యాంపింగ్ (అంకె మార్పుని మెల్లగా చూపించే ఆలస్యం) పెట్టినా నష్టం లేదు. చిన్న రియాక్టర్, డే ట్యాంకులకి కొద్ది సెకన్లే. అంకె ఊగుతోందని డ్యాంపింగ్ పెంచుకుంటూ పోకండి. ఊగడానికి కారణం కర్వ్‌లో ఉంటుంది.

ఎకో పోతే ఏం చేయాలి అన్న ప్రశ్నకి నా జవాబు ఒకటే. అలారం. కొద్దిసేపు హోల్డ్ ఉండొచ్చు, స్టోరేజికి ఒక నిమిషం చాలు. ఆ తరువాత ఫాల్ట్ కరెంటుకి వెళ్లాలి. నామూర్ ఎన్‌ఈ 43 (సిగ్నల్ కరెంటు హద్దులు చెప్పే పరిశ్రమ ప్రమాణం) ప్రకారం కొలత 3.8 నుంచి 20.5 మిల్లీ ఆంపియర్ల మధ్య ఉంటుంది. 3.6 కింద గానీ 21 పైన గానీ ఉంటే మీటరు చెడిందని అర్థం. డీసీఎస్‌లో (కంట్రోల్ రూము కంప్యూటర్ వ్యవస్థలో) కూడా ఆ అర్థం పెట్టారో లేదో చూడండి. చాలాచోట్ల 3.6 వస్తే ట్యాంకు ఖాళీ అని చూపించి ఊరుకుంటుంది.

8. లూప్ చెక్, అలారాలు

హార్ట్ అడ్రస్ సున్నా ఉండాలి. పాత మీటర్లలో వేరే అడ్రస్ ఇస్తే కరెంటు 4 దగ్గరే కదలకుండా ఉండిపోతుంది. 4, 8, 12, 16, 20 సిమ్యులేట్ చేసి ప్యానెల్‌లో చూడండి. మన ట్యాంకులో 6.250 మీటర్లకి 14.00 మిల్లీ ఆంపియర్లు రావాలి. డీసీఎస్ రేంజి కూడా 0 నుంచి 10.000 అని ఉందా? మీటరులో 10, డీసీఎస్‌లో 10.85 ఉంటే లూప్ చెక్‌లో శాతాలు సరిపోతాయి, మీటర్లు మాత్రం తప్పు వస్తాయి. శాతం కాకుండా మీటర్లలోనే సరిపోల్చండి.

లెవెల్‌ని వాల్యూమ్‌గా మార్చడం ఒక్కచోటే చేయాలి. మీటరులోనైనా సరే, డీసీఎస్‌లోనైనా సరే. రెండుచోట్లా చేస్తే లెక్క రెండుసార్లు వంకర పోతుంది. పడుకోబెట్టిన సిలిండర్ ట్యాంకులో ఇది బాగా తెలుస్తుంది. పావు ఎత్తు దగ్గర వాల్యూమ్ 25 శాతం కాదు, 19.6 శాతమే.

అలారం ఎత్తులు ఊహించి వేయకండి. మన ట్యాంకు అడుగు వైశాల్యం 113 చదరపు మీటర్లు. గంటకి 300 ఘనపు మీటర్లు ఎక్కుతుంటే నిమిషానికి 44 మిల్లీమీటర్లు లేస్తుంది. అలారం మోగాక ఆపరేటర్ చూసి, ఫోన్ చేసి, వాల్వు మూసేసరికి 10 నిమిషాలనుకుంటే 440 మిల్లీమీటర్లు. 9.600లోంచి అది, ఇంకొంచెం కలిపి తీసేస్తే హైహై (చివరి, అన్నిటికన్నా ఎత్తు అలారం) 9.150. ముందు అలారానికి ఇంకో 15 నిమిషాలు ఇస్తే సుమారు 8.490. ట్యాంకులు పొర్లకుండా చూసే ప్రమాణం ఏపీఐ 2350 కూడా ఇలాగే, నింపే వేగాన్నీ స్పందించే సమయాన్నీ చూసి లెక్కగట్టమంటుంది. హైహైని ఇదే రాడార్ నుంచి తీసుకోకండి. వేరే నాజిల్, వేరే సెన్సర్, వేరే లూప్ ఉండాలి. బన్స్‌ఫీల్డ్‌లో రెండోది ఉంది, పనిచేయలేదు. కాబట్టి ఆ రెండోదాన్ని కూడా షెడ్యూలు ప్రకారం పరీక్షించాలి.

ఇంకొకటి. రాడార్ ఎత్తు మాత్రమే చెబుతుంది, లోపల సరుకు ఎలా ఉందో చెప్పదు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ లీకై జనం ప్రాణాలు పోయాయి. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత అడుగున మాత్రమే కొలిచారని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఎత్తిచూపింది. తనంతట తాను వేడెక్కే సరుకు ఉన్న ట్యాంకు మీద రాడార్ పని చేస్తున్నప్పుడు, ఉష్ణోగ్రత ఎన్ని ఎత్తుల్లో కొలుస్తున్నారో కూడా అడగండి. మన స్కోపులో లేదని వదిలేయకండి.

9. డిప్‌తో సరిపోల్చడం

సిమ్యులేషన్ వైర్లని పరీక్షిస్తుంది, కొలతని కాదు. అసలు పరీక్ష సరుకు కదిలినప్పుడే. తక్కువ, మధ్య, ఎక్కువ, ఈ మూడు లెవెళ్ల దగ్గర డిప్ కొట్టించి రాడార్‌తో సరిచూడండి. డిప్ ఒక్కసారి కాదు, రెండుసార్లు కొట్టించి రెండూ కలిస్తేనే తీసుకోండి.

తేడా ఎంత అన్నదాని కంటే, అది లెవెల్‌తో ఎలా మారుతోందన్నదే ఎక్కువ చెబుతుంది. మూడు చోట్లా ఒకేలా 12 మిల్లీమీటర్లు తేడా ఉంటే రిఫరెన్స్ దూరం తప్పు. అది సరిచేయండి, పని అయిపోయింది. దూరంతో పాటు తేడా పెరుగుతుంటే తరంగం వేగం లెక్క తప్పుతోంది. స్టిల్లింగ్ వెల్‌లో (ట్యాంకులో నిలువుగా దించిన పైపులో) కొలుస్తున్నారా? పైపు లోపలి వ్యాసం సరిగ్గా ఇచ్చారా? పైపులో తరంగం కొంచెం నెమ్మదిస్తుంది, వ్యాసం ఇస్తేనే మీటరు ఆ లెక్క సరిచేసుకుంటుంది. బయటి వ్యాసం ఇచ్చేసి వెతుక్కునేవాళ్లు ఎక్కువ. ఎల్పీజీ బుల్లెట్ (పడుకోబెట్టిన ప్రెషర్ ట్యాంకు) అయితే ప్రెషర్‌లో ఉన్న ఆవిరి వల్ల కూడా వేగం మారుతుంది, దానికి సవరణ వేరుగా ఇవ్వాలి. బుల్లెట్లకి డిప్ ఉండదు కాబట్టి అక్కడ లోపల పెట్టిన రిఫరెన్స్ పిన్‌తో సరిచూస్తారు.

ఒకే ఎత్తులో మాత్రం తేడా వస్తే అక్కడ ఏదో సామాను ఉంది, కర్వ్ దగ్గరికి తిరిగి వెళ్లండి. ట్యాంకు నిండినప్పుడు మాత్రమే తేడా వస్తుంటే మీటరుని ముట్టుకునే ముందు ట్యాంకుని చూడండి. సరుకు బరువుకి షెల్ పొట్ట బయటికొచ్చి, రూఫు కొంచెం కిందకి దిగుతుంది. రూఫ్ మీదున్న రాడార్ కూడా దానితో పాటే దిగుతుంది. డిప్ హ్యాచ్ రిఫరెన్స్ ఎత్తుని ఖాళీగా ఉన్నప్పుడు, నిండుగా ఉన్నప్పుడు టేపుతో కొలిస్తే ఈ సంగతి బయటపడుతుంది. కస్టడీ లెక్కలకి (సరుకు కొని అమ్మే లెక్కలకి) వాడే ట్యాంకుల్లో రాడార్‌ని అడుగున ఆనించిన స్టిల్లింగ్ వెల్ మీద పెట్టడానికి ఒక కారణం ఇదే.

10. వదిలి వచ్చే ముందు

కాన్ఫిగరేషన్ ఫైలు సేవ్ చేయండి. దాంతోపాటు ఖాళీ, సగం, నిండు ట్యాంకుల ఎకో కర్వ్‌లు మూడూ తేదీ వేసి సేవ్ చేయండి. రెండేళ్ల తరువాత అర్ధరాత్రి షిఫ్టులో లెవెల్ ఎగిరిందని ఫోన్ వస్తే, ఆ కుర్రాడికి ఏ మాన్యువల్ కంటే ఈ మూడు బొమ్మలే ఎక్కువ పనికొస్తాయి. అప్పటి కర్వ్ పక్కన ఇప్పటిది పెడితే ఏం మారిందో కనపడుతుంది. సరుకు ఎకో బలం మెల్లగా తగ్గుతూ మీటరు దగ్గర రొద పెరుగుతుంటే యాంటెన్నా మీద పేరుకుంటోంది. స్టైరీన్, రెజిన్, పామోలిన్ లాంటి సరుకుల్లో ఇది తప్పదు. తుడిచే వ్యవధి ఎంతో ఈ కర్వ్‌లే చెబుతాయి.

మీటరు మార్చితే పాత ఫైలు కొత్తదాంట్లోకి ఎక్కించవచ్చు, కానీ మ్యాప్ మాత్రం కొత్తగా చేయాలి. యాక్సెస్ కోడు పెట్టి, ఎవరెవరికి తెలుసో లాగ్ బుక్‌లో రాయండి. తుపాను సీజను మొదలయ్యే ముందు, అంటే సెప్టెంబరు లోపే, రూఫ్ మీదున్న ప్రతి మీటరు మూత, ఓ రింగు, గ్లాండు ఒకసారి చేత్తో పట్టుకుని చూసి బిగించండి. అదే రోజు ఒక డిప్ కూడా కొట్టించి రాడార్ పక్కన రాయించండి.